రాత్రంతా సాగే టైమ్‌ల్యాప్స్‌కు మిర్రర్‌లెస్ కెమెరా బ్యాటరీ సరిపోవాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ దగ్గర సోనీ ఏ6400, దానితో పాటు వచ్చిన 16-50 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ ఉన్నాయి. జనవరిలో పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద రాత్రి 2 గంటల నుంచి తెల్లవారేదాకా నక్షత్రాలనూ, ఆ తర్వాత ఉదయం 8 గంటల వరకు లోయలో పరుచుకునే మేఘాలనూ టైమ్‌ల్యాప్స్‌గా, అంటే కొన్ని సెకన్లకొక ఫొటో తీసి వాటన్నిటినీ వీడియోగా కలిపే పద్ధతిలో, తీయాలనుకుంటున్నారు. ఇంటి మేడ మీద పరీక్షించి చూస్తే బ్యాటరీ గంటా నలభై నిమిషాలకే అయిపోయింది. అందుకని ఇంకో నాలుగు బ్యాటరీలు కొనాలా అని అడుగుతున్నారు.

నాలుగు బ్యాటరీలు కొనవద్దు. కెమెరాకు ఒక 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, లెన్స్ మీద మంచు పట్టకుండా కట్టే హీటర్ పట్టీకి విడిగా ఒక 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, మంచి కేబుల్, కెమెరాలో ఇప్పుడున్న బ్యాటరీ, జేబులో ఒకే ఒక్క అదనపు బ్యాటరీ: ఇవి ఆరు గంటలకు సరిపోతాయి. మీ కెమెరా ఆన్‌లో ఉండగానే యూఎస్‌బీ ద్వారా కరెంటు తీసుకోగలదు; మెనూలో యూఎస్‌బీ పవర్ సప్లై అన్నది ఆన్ చేసి ఉంచాలి. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, అందులో మొదటి మూడేళ్లు మీలాగే సంచీ నిండా బ్యాటరీలు మోసుకుని తిరిగాను. ఇప్పుడు ఎందుకు మోయడం లేదో వివరంగా చెబుతాను.

మొదట లెక్క సంగతి. కెమెరా పెట్టె మీదా, ప్రచార పత్రాల్లోనూ ఒక ఛార్జింగ్‌కు ఇన్ని ఫొటోలు అని రాసి ఉంటుంది. మీ ఏ6400కి ఆ సంఖ్య స్క్రీన్ చూస్తూ తీస్తే 410, వ్యూఫైండర్‌తో తీస్తే 360. ఇది సీపా అనే జపాన్ సంస్థ నిర్ణయించిన పద్ధతిలో, మామూలుగా మనిషి చేత్తో పట్టుకుని అప్పుడొకటి అప్పుడొకటి తీసే తీరును దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. టైమ్‌ల్యాప్స్‌కు ఇది ఏ విధంగానూ పనికిరాదు. టైమ్‌ల్యాప్స్‌లో బ్యాటరీని తినేది ఫ్రేముల సంఖ్య కాదు, కెమెరా మేలుకుని ఉన్న సమయం. షట్టర్ కదలడానికి ఖర్చయ్యే శక్తి కొద్దిపాటిదే. సెన్సర్, ప్రాసెసర్, స్క్రీన్ మాత్రం ఫొటో తీస్తున్నా తీయకపోయినా తింటూనే ఉంటాయి. అందుకే నేను ఫ్రేముల్లో కాకుండా వాట్లలో, గంటల్లో లెక్క వేసుకుంటాను.

మీ ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 బ్యాటరీ 7.2 వోల్టులు, 1,020 ఎంఏహెచ్. అంటే సుమారు 7.3 వాట్-అవర్లు (ఒక వాట్ చొప్పున గంటసేపు వాడితే ఖర్చయ్యే శక్తి ఒక వాట్-అవర్). యూఎస్‌బీ కేబుల్ మధ్యలో పెట్టే చిన్న మీటర్ ఒకటి దొరుకుతుంది, ఎంత కరెంటు పోతోందో దాని మీద కనిపిస్తుంది. మీ కెమెరా లాంటిదే నా దగ్గరా ఉంది. దానికి ఆ మీటర్ పెట్టి చూస్తే స్క్రీన్ వెలుగుతూ ఉన్నప్పుడు మూడున్నర వాట్ల దగ్గరా, స్క్రీన్ ఆపి వైర్‌లెస్ అంతా కట్టేస్తే రెండున్నర వాట్ల దగ్గరా తిరిగింది. 7.3ని మూడున్నరతో భాగిస్తే రెండు గంటల చిల్లర వస్తుంది. మీ బ్యాటరీ కొంచెం పాతబడి ఉంటుంది కాబట్టి గంటా నలభై నిమిషాలు వచ్చిందంటే మీ కెమెరాలో లోపమేమీ లేదు. రెండున్నర వాట్లకు దించగలిగితే అదే బ్యాటరీ మూడు గంటలకు దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు మీ రాత్రికి ఈ లెక్క వేద్దాం. 2 నుంచి 5 దాకా నక్షత్రాలకు 20 సెకన్ల ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫొటోకు షట్టర్ తెరిచి ఉండే సమయం), 23 సెకన్లకొక ఫ్రేము అనుకుంటే 470 ఫ్రేములు వస్తాయి. 5 నుంచి 8 దాకా మేఘాలకు 5 సెకన్లకొకటి చొప్పున 2,160 ఫ్రేములు వస్తాయి. ఫ్రేముల లెక్కలో చూస్తే రెండో భాగం నాలుగున్నర రెట్లు పెద్దది. బ్యాటరీ లెక్కలో మాత్రం రెండూ దాదాపు సమానమే, ఎందుకంటే రెండూ మూడేసి గంటలే. మొత్తం ఆరు గంటలకు రెండున్నర వాట్ల చొప్పున 15 వాట్-అవర్లు కావాలి.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే లోపలి సెల్స్ 3.7 వోల్టుల దగ్గర 37 వాట్-అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంతా, కేబుల్‌లో కొంతా, మళ్లీ కెమెరా లోపల కొంతా పోతుంది. నేను ఎప్పుడూ మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ చేతికి వస్తుందని నమ్మను, అంటే 24 వాట్-అవర్లు. మీకు కావలసింది 15. కెమెరాలోని బ్యాటరీ అలాగే నిండుగా మిగిలి ఉంటుంది. నాలుగు ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50లు కొన్నా మొత్తం 29 వాట్-అవర్లే వస్తాయి, దానికి తోడు చీకట్లో వాటిని మార్చాలి. పవర్ బ్యాంక్ కొనేటప్పుడు అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్న సంఖ్య కాకుండా, వెనక చిన్న అక్షరాల్లో ఉండే రేటెడ్ కెపాసిటీ చూడండి. మీ చేతికి నిజంగా వచ్చేదానికి దగ్గరగా ఉండే సంఖ్య అదే. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు లేనిది కొనవద్దు.

బ్యాటరీ మార్చడమే అసలు ప్రమాదం. ఇది చాలామందికి అనుభవమయ్యేదాకా తెలియదు. మీ 16-50 లెన్స్ మోటారుతో జూమ్ అయ్యే రకం. కెమెరాకు కరెంటు ఆగి మళ్లీ వస్తే అది లోపలికి ముడుచుకుని, తిరిగి 16 దగ్గర తెరుచుకుంటుంది. మీరు 24 దగ్గర కొండ అంచును సరిచూసి పెట్టుకుని ఉంటే ఆ ఫ్రేమింగ్ పోయినట్టే. ఫోకస్ కూడా అంతే. మిర్రర్‌లెస్ లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ రింగ్ నేరుగా గాజును తిప్పదు, మోటారుకు సంకేతం మాత్రమే పంపుతుంది. కెమెరా ఆగి మళ్లీ లేచినప్పుడు ఫోకస్ ఇంతకుముందున్న చోటే ఉంటుందన్న హామీ లేదు. నక్షత్రాల మీద పది నిమిషాలు కష్టపడి కుదుర్చుకున్న ఫోకస్ అలా పోతే ఆ తర్వాతి ఫ్రేములన్నీ వృథా. దానికితోడు బ్యాటరీ తలుపు కెమెరా అడుగున ఉంటుంది, వెడల్పాటి ట్రైపాడ్ ప్లేట్ బిగిస్తే ఆ తలుపు తెరుచుకోదు. ప్లేట్ విప్పి బ్యాటరీ మార్చి మళ్లీ బిగిస్తే రెండు ముక్కల మధ్య దృశ్యం జరిగిపోతుంది, ఎడిటింగ్‌లో ఎంత సవరించినా ఆ అతుకు కనిపిస్తూనే ఉంటుంది. మీ కెమెరాలో మెమరీ కార్డు కూడా ఆ తలుపు లోపలే ఉంది కాబట్టి కార్డు నిండిపోవడం కూడా ఇదే ప్రమాదాన్ని తెస్తుంది. 2,630 రా ఫైళ్లు (కెమెరా తన సవరణలు చేయకుండా దాచే ఫొటోలు) ఒక్కొక్కటి 25 ఎంబీ చొప్పున 66 జీబీ అవుతాయి, 128 జీబీ కార్డుతోనే మొదలుపెట్టండి.

యూఎస్‌బీ కరెంటుతో నడపడంలో నాకు అన్నిటికంటే నచ్చేది కూడా ఇలా కెమెరా మధ్యలో ఆగకపోవడమే. లోపల బ్యాటరీ తప్పనిసరిగా ఉండాలి, అది కూడా నిండుగా ఉండాలి. కేబుల్ ఊడినా, పవర్ బ్యాంక్ ఆగినా ఆ బ్యాటరీ వెంటనే అందుకుంటుంది, కెమెరా ఆగదు. డమ్మీ బ్యాటరీతో ఆ భరోసా ఉండదు. డమ్మీ అంటే బ్యాటరీ ఆకారంలో ఉండి, వైరుతో బయటి కరెంటును కెమెరాలోకి పంపే పెట్టె. మీ కెమెరాకు సోనీ ఏసీ-పీడబ్ల్యూ20 అలాంటిదే. నికాన్ మొదటి జెడ్6 లాంటివి యూఎస్‌బీ ద్వారా ఆఫ్‌లో ఉన్నప్పుడు ఛార్జ్ అవుతాయే తప్ప ఆన్‌లో ఉండి దాని మీద నడవవు. అలాంటి కెమెరాలున్నవారికి డమ్మీ తప్పదు. జెడ్6 2 నుంచి ఆ ఇబ్బంది తీరింది. కెనాన్ ఆర్5, ఆర్6 వంటివాటికైతే మామూలు 5 వోల్టుల పవర్ బ్యాంక్ చాలదు, పవర్ డెలివరీ (ఎక్కువ వోల్టేజీ ఇవ్వగల యూఎస్‌బీ పద్ధతి) ఉన్నదే కావాలి. ఇది చదివే మిగతావారు కొనేముందు తమ కెమెరా పుస్తకంలో ఈ ఒక్క పేజీ చూసుకోవాలని నా మనవి.

మీ కెమెరా విషయంలో ఇంకో మెలిక ఉంది. ఏ6400లో వైరు రిమోట్ పెట్టే రంధ్రం, యూఎస్‌బీ రంధ్రం రెండూ ఒకటే. బయటి ఇంటర్వలోమీటర్ (నిర్ణీత వ్యవధికొకసారి షట్టర్ నొక్కే పరికరం) తగిలిస్తే పవర్ బ్యాంక్‌కు చోటుండదు. అదృష్టవశాత్తూ 2019లో ఈ మోడల్ వచ్చినప్పటి నుంచే అదే పని చేసే ఇంటర్వల్ షూటింగ్ దాని లోపలే ఉంది కాబట్టి దాన్నే వాడండి. బయటి ఇంటర్వలోమీటర్‌లోని చిన్న సెల్స్ చలికి ముందుగా చచ్చిపోయే ఇబ్బంది కూడా దీనితో తప్పుతుంది.

ఇక మూడున్నర వాట్ల నుంచి రెండున్నరకు దించే సెట్టింగులు. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేయండి. ఫోన్‌తో బ్లూటూత్ జతపడి ఉంటే అది రాత్రంతా వెతుకుతూనే ఉంటుంది. తీసిన ఫొటోను వెంటనే చూపించే ఆటో రివ్యూ ఆపేయండి. మాన్యువల్ ఫోకస్ పెట్టి, ప్రీ-ఏఎఫ్ (షట్టర్ నొక్కకముందే కెమెరా ఫోకస్ వెతకడం) కూడా ఆపేయండి. చేతి వణుకును సరిచేసే స్టెడీషాట్‌తో ట్రైపాడ్ మీద పని లేదు, అది కరెంటు తినడంతో పాటు ఫ్రేమును కూడా కదిలిస్తుంది. స్క్రీన్‌ను పూర్తిగా ఆపడం కుదిరితే ఆపండి, కుదరకపోతే వెలుతురు అట్టడుగుకు తగ్గించండి. చీకటికి అలవాటుపడిన మీ కళ్లకు కూడా అదే మంచిది. అన్నిటికంటే ముఖ్యం, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి 20 సెకన్ల ఫొటో తర్వాత కెమెరా ఇంకో 20 సెకన్లు నల్లటి ఫ్రేము తీసుకుంటుంది. ఆ సమయమంతా బ్యాటరీ ఖర్చవుతుంది, పైగా నక్షత్రాల కదలికలో ఖాళీలు పడతాయి.

చలి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. లిథియం అయాన్ బ్యాటరీ చలికి శక్తిని పోగొట్టుకోదు, ఇవ్వలేకపోతుంది. లోపలి రసాయన చర్య మందగించి, అంతర్గత నిరోధం పెరిగి, కెమెరా కరెంటు అడిగినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. కెమెరా దాన్ని ఖాళీ బ్యాటరీ అనుకుని ఆగిపోతుంది. లంబసింగిలో ఒక డిసెంబరు తెల్లవారుజామున నాకు ఇది మొదటిసారి ఎదురైంది. ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు, బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని అక్కడివారు దానికి అర్థం చెబుతారు. ఆ రోజు గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. 38 శాతం చూపిస్తున్న బ్యాటరీ రెండు నిమిషాల్లో ఎరుపులోకి పోయి కెమెరా ఆగిపోయింది. తీసి చంక కింద పెట్టుకుని, టీ తాగి వచ్చి మళ్లీ వేస్తే 30 శాతం చూపించి ఇంకో ముప్పావుగంట పనిచేసింది. కానీ మళ్లీ వేసేసరికే సూర్యుడు కొండ దాటి పైకి వచ్చేశాడు, నాకు కావలసిన పది నిమిషాలు కెమెరా ఆగిన ఆ విరామంలోనే వెళ్లిపోయాయి.

వంజంగిలో మీకు అంత చలి ఉండకపోవచ్చు, కానీ పద్ధతి మాత్రం అదే పాటించండి. అదనపు బ్యాటరీ సంచీలో కాదు, చొక్కా లోపలి జేబులో ఉండాలి. పవర్ బ్యాంక్‌ను ఉన్ని మఫ్లర్‌లో చుట్టి గుడ్డసంచీలో వేసి ట్రైపాడ్ మధ్య కొక్కేనికి వేలాడదీయండి. అది నేల చల్లదనానికి దూరంగా ఉంటుంది, ట్రైపాడ్‌కు బరువు కూడా అవుతుంది. గాలికి సంచీ ఊగకుండా అడుగు భాగాన్ని ఒక కాలికి కట్టేయండి. గడ్డకట్టేంత చలిలో ఉన్న బ్యాటరీని మాత్రం ఛార్జింగ్‌కు పెట్టవద్దు, దానివల్ల సెల్స్ శాశ్వతంగా పాడవుతాయి. గదికి వచ్చి, అది మామూలు వేడికి చేరాకే పెట్టండి.

మంచు సంగతి అందరూ మరిచిపోతారు. మేఘాల మధ్య నిలబడి తీస్తున్నప్పుడు లెన్స్ అద్దం మీద తేమ పట్టడం ఖాయం, అందుకే హీటర్ పట్టీ కావాలి. నేను వాడే పట్టీ సుమారు 5 వాట్లు తింటుంది, అంటే కెమెరాకు రెట్టింపు. ఆరు గంటలకు 30 వాట్-అవర్లు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్-అవర్లు, చేతికి వచ్చేది 48 అనుకోండి, సరిపోతుంది. కెమెరాను, హీటర్‌ను ఒకే పవర్ బ్యాంక్‌కు తగిలిస్తే 45 వాట్-అవర్లు కావాలి, చలి రాత్రి అది మరీ అంచున నడిచినట్టు. రెండు పనులకు రెండు విడివిడి పవర్ బ్యాంకులు అని మొదట్లో చెప్పింది అందుకే. హీటర్ ఆగిపోతే లెన్స్ తుడుచుకోవచ్చు, కెమెరా ఆగిపోతే పోయిన నిమిషాలు తిరిగి రావు.

ఒక మినహాయింపు మాత్రం గుర్తుంచుకోవాలి. చాలా పవర్ బ్యాంకులు కరెంటు వాడకం మరీ తగ్గితే ఫోన్ ఛార్జింగ్ పూర్తయిందనుకుని తమంతట తామే ఆగిపోతాయి. మీ కెమెరా నిరంతరం అర ఆంపియర్ దాకా తీసుకుంటుంది కాబట్టి మీకు ఈ బాధ లేదు. పది నిమిషాలకొక ఫ్రేము తీస్తూ మధ్యలో కెమెరాను నిద్రపుచ్చేవారికి, ఉదాహరణకు కట్టడాల నిర్మాణాన్ని టైమ్‌ల్యాప్స్ తీసేవారికి, ఇది పెద్ద తలనొప్పి. వారు తక్కువ కరెంటు మోడ్ ఉన్న పవర్ బ్యాంక్ వెతుక్కోవాలి.

ఎండ గురించి ఒక్క మాట. గండికోటలో ఏప్రిల్ మధ్యాహ్నం పెన్నా లోయ మీద మేఘాల నీడలు తీస్తుండగా కెమెరా వేడెక్కి ఆగిపోయింది, పవర్ బ్యాంక్ చేత్తో పట్టుకోలేనంతగా కాలింది. అప్పటి నుంచి ఎండాకాలంలో కెమెరా మీద తడిపి పిండిన తెల్ల తువ్వాలును తాకకుండా పందిరిలా కడుతున్నాను, పవర్ బ్యాంక్‌ను రాయి నీడన పెడుతున్నాను. మీ కెమెరాలో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్ అనే సెట్టింగు ఉంది, దాన్ని హై చేస్తే మరికొంతసేపు ఓర్చుకుంటుంది. ఉబ్బిన బ్యాటరీని ఎప్పుడూ కెమెరాలోకి తోయకండి. చవకరకం బ్యాటరీ ఒకటి లోపలే ఉబ్బి ఇరుక్కుపోతే దాన్ని బయటికి తీయించడానికి నాకు రెండు వారాలు పట్టింది.

మీరు ఎప్పుడైనా హైదరాబాద్ నుంచి లేహ్‌కు విమానంలో వెళ్లి అక్కడి ఆకాశం తీయాలనుకుంటే, పవర్ బ్యాంకులు, అదనపు బ్యాటరీలు చేతిసంచీలోనే ఉండాలి, కింద వేసే లగేజీలో పెట్టనివ్వరు. ఒక్కొక్కటి 100 వాట్-అవర్లకు లోబడి ఉండాలి. 20,000 ఎంఏహెచ్ 74 వాట్-అవర్లే కాబట్టి ఇబ్బంది లేదు.

ప్రయాణానికి వారం ముందు ఇంట్లోనే పూర్తి ఆరు గంటలు ఇదే అమరికతో నడిపి చూడండి. నక్షత్రాల సెట్టింగులతో మూడు గంటలు, మేఘాల సెట్టింగులతో మూడు గంటలు; మధ్యలో 5 గంటలకు చేయాల్సిన మార్పును కూడా చీకట్లో, టార్చి లేకుండా, కెమెరా ఆపకుండా చేసి చూసుకోండి. రాత్రిపూట కొండ మీద ఉండటానికి అనుమతి ఉందో లేదో పాడేరులోనే అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకోండి.

చివరగా కేబుల్. మీ కెమెరాది మైక్రో యూఎస్‌బీ, ఆ పిన్ను కొంచెం లాగినా వదులవుతుంది. కేబుల్‌ను ట్రైపాడ్ తలకు ఒక చుట్టు చుట్టి, వెల్క్రో పట్టీతో బిగించి, కెమెరా వైపు రెండంగుళాల వదులు వదలండి. మీటరు కంటే పొడవైన సన్నటి కేబుల్ వద్దు, దానిలో వోల్టేజీ పడిపోతుంది. అది తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఇంటి పరీక్షలో ఆరు గంటల తర్వాత యూఎస్‌బీ తీసేసి కెమెరాలోని బ్యాటరీ శాతం చూడండి. మొదట్లో 100 ఉన్నది 95 దాకా ఉంటే అమరిక సరిగ్గా ఉన్నట్టు. 60కో 50కో వచ్చిందంటే కేబుల్ చాలినంత కరెంటు అందించడం లేదు, మిగతాది లోపలి బ్యాటరీ పూడుస్తోంది. పవర్ బ్యాంక్‌ను కాదు, ముందు కేబుల్‌ను మార్చి మళ్లీ పరీక్షించండి.